నేల విడవని సాము

ఫ్లోరిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రంలో స్పేస్ షటిల్ దిగే రోజున రన్‌వే సిబ్బందికి ఒక వింత పని పడేది. చుట్టూ చిత్తడి నేలలు, వన్యప్రాణుల అభయారణ్యం. ఎండకు వెచ్చబడిన కాంక్రీటు మీదికి మొసళ్లు ఎక్కి పడుకునేవి. వాటిని తోలేసి, పక్షులను చెదరగొట్టి, ఆ తర్వాతే అంతరిక్షం నుంచి వచ్చే వాహనానికి దారి ఇచ్చేవారు. ఆ రన్‌వే పొడవు 4,572 మీటర్లు, వెడల్పు 91 మీటర్లు. దిగేటప్పుడు షటిల్‌కు ఇంజిన్ సాయం ఉండదు. ఒకసారి గురి తప్పితే మళ్లీ పైకి లేచి, చుట్టు తిరిగి రావడం కుదరదు. అంత చోటు అందుకే. చక్రాలు నేలను తాకే క్షణంలో దాని వేగం గంటకు 350 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండేది.

2011 జూలైలో అట్లాంటిస్ దిగడంతో షటిల్ కథ ముగిసింది. 2014 ఫిబ్రవరి 14న అదే కాంక్రీటు మీదికి ఒక కారు వచ్చింది. పేరు హెనెసీ వెనమ్ జీటీ. లోటస్ కారు చట్రాన్ని సాగదీసి, అందులో 7 లీటర్ల వీ8 ఇంజిన్, రెండు టర్బోలు కూర్చిన బండి అది. శక్తి 1,244 హార్స్‌పవర్. తయారుచేసింది టెక్సస్‌లోని ఒక చిన్న సంస్థ. డ్రైవరు బ్రయాన్ స్మిత్ కాలు నొక్కి పట్టి ఉంచాడు. జీపీఎస్ పరికరం గంటకు 435.31 కిలోమీటర్లు చూపించింది. అంతరిక్షం నుంచి వచ్చిన వాహనం నేలను తాకేటప్పటి కన్నా, ఎక్కడికీ వెళ్లే పనిలేని ఒక కారు అదే నేల మీద గంటకు 80 కిలోమీటర్లకు పైగా ఎక్కువ వేగంతో పోయిందన్నమాట.

ఇంత చేసినా అది రికార్డు కాలేదు.

అలాంటి రికార్డు కావాలంటే ఒకవైపు పరిగెత్తి, తక్కువ వ్యవధిలోనే తిరిగి ఎదురు దిశలోనూ పరిగెత్తాలి. రెంటి సగటే లెక్క. వెనక నుంచి గాలి తోస్తే వచ్చే లాభాన్ని ఎదురుగాలి తీసేసుకుంటుందని ఈ ఏర్పాటు. ఆ రోజు కెనడీలో ఒక దిశలో పరుగుకే అనుమతి దొరికింది. పైగా అప్పటి గిన్నిస్ నిబంధన ప్రకారం కనీసం 30 కార్లు తయారైతేనే దాన్ని మార్కెట్లో అమ్మే కారుగా లెక్కిస్తారు. హెనెసీ సంస్థ తయారుచేయాలనుకున్నది 29. అప్పటికి రికార్డు 2010లో బుగాటీ వేరాన్ సూపర్ స్పోర్ట్ పేరిట నమోదైన 431.072. అది రెండు దిశల సగటు. ఆ రెంటిలో వేగంగా సాగిన పరుగు ఒక్కదాన్నే తీసుకుంటే 434.211. ఆ లెక్కన వెనమ్ జీటీ గెలిచింది గంటకు 1.1 కిలోమీటర్ల తేడాతో. మన ఊళ్లో నడకకు బయల్దేరిన పెద్దాయన వేగం ఇంతకు మూడు నాలుగు రెట్లుంటుంది.

వేరాన్ రికార్డు మాత్రం వివాదం లేకుండా నిలిచిందా అంటే అదీ లేదు. కొనుక్కునేవాళ్లకు ఇచ్చే కారులో టైర్ల భద్రత కోసం వేగాన్ని 415 దగ్గర కట్టేశారు. రికార్డు కారుకు ఆ కట్టు లేదు. అది అమ్మే కారే కాదు కదా అని ఎవరో అడిగారు. 2013లో గిన్నిస్ వాళ్లు రికార్డు తీసేసి, కొద్ది రోజులకే తిరిగి ఇచ్చేశారు. కట్టు విప్పినంత మాత్రాన కారు నిర్మాణం మారిపోదన్నది వాళ్లు చెప్పిన కారణం.

ఈ తగాదాలన్నీ చూస్తే అర్థమయ్యేది ఒకటుంది. టాప్ స్పీడ్ అంటే కారు గుణమని మనం అనుకుంటాం. షోరూంలో ఇచ్చే కాగితం మీద మైలేజీ పక్కన, డిక్కీ సైజు పక్కన అదీ అచ్చేసి ఉంటుంది కాబట్టి. నిజానికి అందులో కారు వాటా కొంతే. మిగిలింది నేలది, గాలిది, టైర్లది, చూసి లెక్కకట్టిన సాక్షిది. వీటిలో ఏది కుదరకపోయినా ఇంజిన్ ఎంత గొప్పదైనా ఆ అంకె పుట్టదు. స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు వారాంతంలో ఎవరిదో ప్రైవేటు రన్‌వేను అద్దెకు తీసుకుని పోగవుతారంటే, కొనలేని ఆ మిగతా వాటా కోసమే.

నేల సంగతి ముందు. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు దీని మర్మం ఫిజిక్స్ పుస్తకం లేకుండానే తెలుసు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. దాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. గంటకు 200 దగ్గర గాలిని చీల్చడానికి 125 హార్స్‌పవర్ సరిపోయే కారుకు, 400 దగ్గర ఆ ఒక్క పనికే 1,000 కావాలి. ఆఖర్న వచ్చే ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగం కోసం కారు కిలోమీటర్ల కొద్దీ నేలను మింగేస్తుంది. తర్వాత ఆపడం మరో ఖర్చు. 435 అంటే సెకనుకు 121 మీటర్లు. ఎంత మంచి బ్రేకులున్నా ఆ వేగం నుంచి ఆగడానికి అర కిలోమీటరుకు పైగా పోతుంది. నాలుగున్నర కిలోమీటర్ల రన్‌వే కూడా అప్పుడు ఇరుకవుతుంది.

ఫోక్స్‌వ్యాగన్ సంస్థకు జర్మనీలోని ఎరా లెసియన్‌లో ఉన్న పరీక్షా మార్గంలో తిన్నని దారే దాదాపు 9 కిలోమీటర్లుంటుంది. తూర్పు జర్మనీ సరిహద్దుకు దగ్గరగా, విమానాలు ఎగరకూడని ప్రాంతంలో కట్టిన ట్రాక్ అది. పైనుంచి ఫోటోలు తీసే పోటీదారుల బెడద ఉండదు. 1998లో మెక్‌లారెన్ ఎఫ్1 కారును ఆండీ వాలెస్ గంటకు 386 కిలోమీటర్లు తోలింది ఇక్కడే. 2019 ఆగస్టులో అదే వాలెస్, అదే దారిలో బుగాటీ చిరాన్‌ను 490.484 వరకు తీసుకెళ్లాడు. తారు మార్చి వేసిన చోట కారు ఎగిరిపడేదని ఆయన తర్వాత చెప్పాడు. మామూలు వేగంలో ఆ అతుకు కంటికి కూడా ఆనదు. ఇదీ ఒకే దిశలో చేసిన పరుగే. అంత స్థలం, అంత రహస్యం పెద్ద కంపెనీలకే దొరుకుతాయి. సొంత డబ్బుతో కారు కొనుక్కున్న మనిషికి దిక్కు పాత విమానాశ్రయమే.

పాత రన్‌వేలను లోకానికి విరివిగా ఇచ్చి పోయింది రెండో ప్రపంచ యుద్ధం. బాంబర్లకోసం ఇంగ్లండు నిండా పరిచిన కాంక్రీటు యుద్ధం ముగిశాక పొలాల మధ్య పనిలేకుండా మిగిలిపోయింది. సిల్వర్‌స్టోన్ అలాంటిదే. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి రేసు 1950 మేలో జరిగింది అక్కడే. లెస్టర్‌షైర్‌లో బ్రంటింగ్‌థార్ప్ అనే వైమానిక స్థావరం ఉండేది. దాని రెండు మైళ్ల రన్‌వే మీద సూపర్‌కార్ల యజమానులు ఏళ్ల తరబడి తమ బండ్ల సత్తా తేల్చుకున్నారు. అమెరికాలో ఈ కథకు ఇంకో పాత్ర ఉంది. 1952లో వాట్కిన్స్ గ్లెన్ పట్టణ వీధుల్లో జరిగిన రేసులో కారు జనంలోకి దూసుకుపోయి ఏడేళ్ల బాలుడు చనిపోయాడు. వీధి రేసులకు కాలం చెల్లింది. అప్పుడు అణు బాంబర్ల దళాధిపతి జనరల్ కర్టిస్ లెమే తన స్థావరాల గేట్లు తెరిచాడు. ఆయన స్వయంగా స్పోర్ట్స్ కార్ల ప్రియుడు. సొంతానికి ఆలార్డ్ కారుండేది. టికెట్ల డబ్బు సైనికుల సంక్షేమానికి వెళ్లేది. 1954 నాటికి రాజకీయ నాయకులు గొడవ చేయడంతో అది ఆగింది గానీ, ఆ రెండేళ్లలో అమెరికన్ స్పోర్ట్స్ కార్ రేసింగ్ బతికి బట్టకట్టింది. జపాన్ నగరాలను కాల్చి బూడిద చేసిన సేనాని కార్ల కుర్రాళ్లపాలిట దేవుడయ్యాడు. చరిత్రలో ఒక మనిషి ఖాతాలో పడే జమాఖర్చులు చిత్రంగా ఉంటాయి.

మనకు దగ్గరలోనూ అలాంటి చోటుంది. నెల్లూరు మీదుగా మద్రాసు పోయేవాళ్లకు ఊరు చేరే ముందు తగిలే షోలవరం. అక్కడ యుద్ధకాలపు రన్‌వేలున్నాయి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1950ల నుంచి అక్కడ రేసులు పెట్టింది. మూడు దశాబ్దాలకు పైగా దేశం మొత్తానికి వేగం అంటే షోలవరమే. ఫియట్లు, అంబాసిడర్లు, జావాలు, ఆ తర్వాత యమహా ఆర్‌డీ 350లు అక్కడ పరుగెత్తాయి. 1980లలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారును తెచ్చి తోలింది కూడా అక్కడే. లైసెన్స్ రాజ్యంలో స్కూటర్ కోసం ఏళ్ల తరబడి క్యూలో నిలబడిన మధ్యతరగతికి, ఫార్ములా వన్ ఇంజిన్ చప్పుడు అంటే ఏమిటో చెవులారా వినిపించిన చోటు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్ సొంత ట్రాక్ 1990లో సిద్ధం కావడంతో షోలవరం శకం ముగిసింది. రన్‌వే అంటే తిన్నగా ఉండేదే. దాన్ని మలుపులతో సర్క్యూట్‌గా మార్చడానికి మన క్లబ్బువాళ్లు పడ్డ పాట్లు వేరే కథ. వాళ్లకు కావలసింది పోటీ. టాప్ స్పీడ్ వేటగాళ్లకు పోటీదారు అక్కర్లేదు. ట్రాక్ మీద ఒక్క కారే ఉంటుంది.

వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఈ సరదా మీద మనకున్న అభిప్రాయం కొంత మారుతుంది. సినిమాల్లో చూపించే పొగ, కేరింతలు తక్కువ. నిరీక్షణ ఎక్కువ. గంటలకొద్దీ వరసలో నిలబడితే పరుగు దక్కేది అర నిమిషమే. ముందు తనిఖీ. హెల్మెట్, సీటు బెల్టు, ఇంజిన్ కింద నూనె చెమ్మ, అన్నిటికన్నా ముఖ్యంగా టైరు. టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. మన ఇంటి ముందు నిలబెట్టిన కారుకూ ఉంటుంది, వంగి చూస్తే కనిపిస్తుంది. గాడులు నిండుగా ఉన్నా వయసు మీరిన రబ్బరును అనుభవజ్ఞులు నమ్మరు.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 490 వేగంలో చిరాన్ చక్రం నిమిషానికి దాదాపు నాలుగు వేల చుట్లు తిరుగుతుంది. ఆ తిరుగుడుకు టైరు అంచున ఉన్న ఒక్కో గ్రాము రబ్బరు అయిదు కిలోలకు పైగా బరువైనట్టు బయటికి లాగుతుంది. అంత వేగంలో ఒక చిన్న గులకరాయి తగిలినా, లోపల కంటికి కనపడని చీలిక ఉన్నా, టైరు పేలడానికి క్షణం పట్టదు. బుగాటీ వాళ్లు రికార్డుకు ముందు టైర్లకు ఎక్స్‌రే తీయించారు. మనిషికి ఆపరేషన్ ముందు తీసినట్టే.

రబ్బరు విషయంలో ఇంత జాగ్రత్త పడేవాళ్లు సైతం ప్రమాదానికి అతీతులు కారు. 2006 సెప్టెంబరులో యార్క్‌షైర్‌లోని ఎల్వింగ్టన్ రన్‌వే మీద టీవీ వ్యాఖ్యాత రిచర్డ్ హేమండ్ నడుపుతున్న జెట్ కారు ముందు టైరు పేలింది. అప్పుడు వేగం గంటకు దాదాపు 460. తలకు బలమైన దెబ్బ తగిలి మృత్యుముఖం దాకా వెళ్లి బయటపడ్డాడు. అదే ఎల్వింగ్టన్‌లో 2020 అక్టోబరులో జెఫ్ ఐజెన్‌బర్గ్ తన పోర్షేలో చనిపోయాడు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, మూతపడిన లోరింగ్ వైమానిక స్థావరంలో, మైలున్నర దూరంలో మోటార్ సైకిల్‌ను గంటకు 502 కిలోమీటర్ల దాకా తోలిన బిల్ వార్నర్, 2013లో అక్కడే అదుపుతప్పి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఎదురుగా బస్సు రాదు, ఆవు అడ్డం రాదు, తాగి తోలేవాడు లేడు. ఖాళీ రన్‌వేలో ఉన్న ఒకే ప్రమాదం వేగమే. అది చాలు.

సాక్షి సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. 2020 అక్టోబరులో ఎస్ఎస్‌సీ ట్వాటారా అనే అమెరికన్ కారు నెవాడాలోని ఒక రహదారి మీద రెండు దిశల సగటు గంటకు 508 కిలోమీటర్లు దాటిందని ప్రకటన వచ్చింది. 2017లో కోనిగ్‌సెగ్ అగేరా ఆర్ఎస్ 447 సాధించిన రోడ్డే అది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. కొద్ది రోజుల్లోనే కొందరు ఔత్సాహికులు ఇంట్లో కూర్చుని ఆ వీడియోను ముక్కలు చేసి చూశారు. రోడ్డు పక్కన కనిపించే గుర్తులను మ్యాపులో పట్టుకున్నారు. ఒక గుర్తు నుంచి ఇంకోదానికి దూరమెంత, కారు పోవడానికి పట్టిన సెకన్లెన్ని, భాగించారు. వచ్చిన అంకెకు, తెర మీద కనిపిస్తున్న అంకెకు ఎక్కడా పొంతన లేదు. పాత కోనిగ్‌సెగ్ వీడియోను దీని పక్కన పెట్టి చూస్తే, నెమ్మదిగా పోతోందనుకోవలసిన ఆ కోనిగ్‌సెగ్ కారే ముందుంది. ఎనిమిదో తరగతి లెక్క, దూరం బై కాలం. కోట్ల రూపాయల కారును నిలదీసింది ఆ లెక్కే. చివరికి 2021లో కంపెనీయే ఒప్పుకుంది, గంటకు 300 మైళ్లు అందుకోలేదని.

పరువు నిలబెట్టుకోవడానికి వాళ్లు వెళ్లింది ఎక్కడికో ఊహించడం కష్టం కాదు. కెనడీ రన్‌వేకే. 2021 జనవరి 17న చక్రం పట్టింది వృత్తి డ్రైవరు కూడా కాదు. ఆ కారు యజమాని, దంతవైద్యుడు లారీ కాప్లిన్. పోతూ 450, వస్తూ 460, సగటు 455 కిలోమీటర్లు. ఈసారి లెక్కకట్టడానికి ఒకటికి నాలుగు పరికరాలు పెట్టారు. ముందు చెప్పిన అంకెతో పోలిస్తే 50 కిలోమీటర్లకు పైగా తక్కువ. అయినా ఎవరూ వేలెత్తి చూపలేదు. కాకిలెక్కల 508 కన్నా సాక్ష్యమున్న 455 పెద్దదని కార్ల లోకం ఒప్పుకుంది. 2022లో ఆయనే అక్కడే 475 దాకా వెళ్లాడు. పళ్లు పీకే డాక్టరు స్పేస్ షటిల్ దారిలో షటిల్ దిగిన వేగాన్ని వంద కిలోమీటర్లకు పైగా దాటేశాడు. ఈ సరదాలో నచ్చే విషయం ఏదైనా ఉంటే ఇదే. డబ్బున్నవాడి ఆట అయినా, గొప్పలు చెప్పుకుంటే ఒప్పుకోని ఆట.

ఇప్పుడు చైనా విద్యుత్ కార్లు రంగంలోకి దిగాయి. 2025 సెప్టెంబరులో యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ జర్మనీలోని పాపెన్‌బర్గ్ ట్రాక్ మీద 496.22 అందుకుంది. ఇంజిన్ చప్పుడు లేదు, గేర్ల ఊపు లేదు. పెట్రోలు వాసనకు అలవాటైన పాతకాపులకు అది గెలుపులా అనిపించి ఉండదు.

మన దగ్గర సూపర్‌కార్లు కొనేవాళ్లకు కొదవ లేదు. జూబ్లీహిల్స్‌లో సాయంత్రం పూట నిలబడితే లాంబోర్గినీలు స్పీడ్ బ్రేకర్ల దగ్గర పొట్ట తగలకుండా ఏటవాలుగా పాకడం చూడొచ్చు. 300 దాటగల ఆ బండ్లకు తోలుకోవడానికి దొరికేది హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు. అక్కడ పరిమితి గంటకు 120. అర్ధరాత్రి దాటాక ఆ పరిమితిని కొందరు ఎలా చూస్తారో, తెల్లారి పేపర్లలో ఏ ఇంటి పిల్లాడి ఫోటో వస్తుందో ఈ నగరానికి కొత్త కాదు. సినిమా కుటుంబాలూ, క్రికెట్ కుటుంబాలూ ఆ దుఃఖం అనుభవించాయి. పేరు లేని లారీ క్లీనర్ల ఇళ్ల సంగతి పేపర్లలో అంతగా రాదు. మహారాష్ట్రలో ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద వ్యాలీ రన్ పేరుతో డ్రాగ్ పోటీలు జరుగుతాయి. దేశం నలుమూలల నుంచి కార్లు అక్కడికి చేరతాయి. అక్కడ పరుగు పావు మైలు, అర మైలు. టాప్ స్పీడ్ తేలడానికి ఆ దూరం చాలదు.

నేలే కావాలంటే మనకు లేదా? ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలపు విమానాశ్రయం ఉంది, విమానాలు లేవు. అద్దంకి దగ్గర కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారి 16 మీద 4.1 కిలోమీటర్ల ముక్కను అత్యవసర రన్‌వేగా కట్టారు. వెడల్పు 33 మీటర్లు. 2024 మార్చిలో వైమానిక దళం విమానాలు దాని మీద విన్యాసాలు చేశాయి. రోడ్డును రన్‌వే చేయగలిగిన వ్యవస్థ, పాడుబడిన రన్‌వేను ఏడాదికో ఆదివారం రోడ్డు చేయలేదా అని అడగడం తేలిక. వెడల్పు చాలదు, పక్కన జారిపోవడానికి ఖాళీ నేల లేదు, అంబులెన్స్ ఎవరిది, ఫైరింజన్ ఎవరిది, కుక్కలను ఎవరు తోలతారు, అనుమతి కాగితం మీద ఎవరు సంతకం పెడతారు అన్నవి కష్టమైన ప్రశ్నలు. లెమేలాంటి జనరల్ కూడా రెండేళ్లకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

అంతకన్నా చిన్న అడ్డంకి ఒకటి ప్రతి కారు డాష్‌బోర్డు అరలోనే పడి ఉంది. మన దేశంలో ప్రైవేటు కారు బీమా పాలసీ తీసి చూస్తే, ఏ ఏ వాడకాలకు రక్షణ వర్తించదో ఒక వరసలో రాసి ఉంటుంది. కిరాయికి తిప్పడం, సరుకు మోయడం, రేసులు, ఆ తర్వాత స్పీడ్ టెస్టింగ్. అది ఖాళీ రన్‌వే మీద అయినా సరే, ఎదురుగా ఎవరూ లేకపోయినా సరే. నాలుగు కోట్ల కారును నాలుగు కిలోమీటర్ల కాంక్రీటు మీద చివరిదాకా తొక్కాలనుకునే యజమాని, ఆ అర నిమిషం పాటు తన బండికి తానే బీమా కంపెనీ.